పాత నంబరు 14, కొత్త నంబరు 14

మద్రాసులో ఎవరికైనా అడ్రసు చెప్పాలంటే రెండు నంబర్లు చెప్పాలి. పాతదొకటి, కొత్తదొకటి. ఏది పాతదో ఏది కొత్తదో వీధిలో ఉన్నవాళ్ళకే సరిగ్గా గుర్తుండదు, ఇక ఆటో డ్రైవర్ సంగతి చెప్పక్కర్లేదు. వెస్ట్ మాంబళంలో దురైస్వామి సబ్‌వే దాటాక మా తాతయ్య కొన్న ఇల్లు పాత నంబరు 13, కొత్త నంబరు 14. మా పక్కిల్లు పాత 14, కొత్త 16. మధ్యలో 15 ఏమైపోయిందో నాకూ తెలీదు.

ఈ నంబర్ల గొడవ ఇప్పుడెందుకంటే, ఇంగ్లండులో విల్మ్‌కోట్ అనే చిన్న ఊళ్ళో చూసిన ఒక పాత రైతు ఇంటి గురించి రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఆ ఇంటి కథా మా ఇంటి కథా ఒకటేనని 2022లో మా దస్తావేజులు తిరగేస్తుంటే తెలిసింది. ఒకటే అంటే సగం ఒకటే. రెండో సగం వాళ్ళకి కలిసొచ్చింది, మాకు రాలేదు.

2018 జూన్‌లో బర్మింగ్‌హామ్‌లో మా తమ్ముడి దగ్గర మూడు వారాలున్నాను. వాడికి ఆఫీసు, మరదలికి చంటిపిల్ల, కాబట్టి స్ట్రాట్‌ఫర్డ్‌కి నేనొక్కదాన్నే రైలెక్కాను. మనవాళ్ళు మామూలుగా షేక్‌స్పియర్ పుట్టిన ఇంటి ముందు ఫోటో దిగి, ఫ్రిజ్ మీద అంటించే బిళ్ళ ఒకటి కొనుక్కుని వచ్చేస్తారు. నేనూ అంతే చేసేదాన్ని. కానీ ఆ లైన్లో స్ట్రాట్‌ఫర్డ్‌కి కాస్త ముందు విల్మ్‌కోట్ అని ఒక బుల్లి స్టేషన్ వస్తుంది, అది ఆయన తల్లి మేరీ ఆర్డెన్ పుట్టినూరు, “వదినా, అక్కడ దిగండి, జనం తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది” అని మరదలు ఒకటికి రెండుసార్లు చెప్పింది. దిగాను. జనం నిజంగానే తక్కువ. బాతులు ఎక్కువ.

అప్పట్లో అది ఒక ఫారం మ్యూజియంలా నడిచేది. పదహారో శతాబ్దపు బట్టలు వేసుకున్న మనుషులు పందులకి తిండి పెడుతూ, కట్టెల పొయ్యి మీద వండుతూ, మనం అడిగినదానికి జవాబు చెబుతూ తిరుగుతుండేవారు. ఇలాంటి వేషాలంటే నాకు ముందునుంచీ కొంచెం ఎలర్జీ, కానీ పొయ్యి దగ్గరున్నావిడ మాటల్లో పడి ఉల్లిపాయలు తరుగుతున్న తీరు చూశాక వేషమనిపించలేదు. నాకు బాగా గుర్తున్నది పావురాల ఇల్లు. బయట నుంచి చూస్తే మామూలు కొట్టు. లోపలికి వెళ్ళి తలెత్తితే నాలుగు గోడలా పైదాకా గూళ్ళే గూళ్ళు, ఆరొందలకి పైగా ఉన్నాయట. పెంపుడు సరదా కాదు, చలికాలం మాంసానికి.

ఆ ఆవరణలో ఇళ్ళు రెండు. ఒకటి అందరూ ఫోటో తీసుకునే ఇల్లు. ముందువైపు నిలువు దుంగలు దగ్గర దగ్గరగా, మధ్యలో తెల్లటి పూత, పైన పాత పెంకులు, అచ్చం క్యాలెండర్ బొమ్మ. అంత దగ్గరగా దుంగలు పెట్టాల్సిన అవసరం బరువు మొయ్యడానికైతే లేదు, మా దగ్గర ఇంత కలప కొనే స్తోమత ఉందని ఊరికి చూపించుకోడానికి. మన దగ్గర వీధి గుమ్మానికి అవసరానికి మించి చెక్కడాలు చేయించినట్టు. రెండోది దానికి కొంచెం పక్కగా, ఇటుక గోడలతో, పెద్దగా చూడాలనిపించని ఇల్లు. దాని పేరు గ్లీబ్ ఫారం. నేను మొదటి ఇంటికి పన్నెండు ఫోటోలు తీసి, రెండోదానికి ఒకటి కూడా తియ్యకుండా టీ తాగడానికి వెళ్ళబోయాను. అప్పుడు బోర్డు చదివాను. మేరీ ఆర్డెన్ ఇల్లు ఆ రెండోదట.

అసలు జరిగిందేమిటంటే, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర జాన్ జోర్డాన్ అని ఒకాయన ఉండేవాడు. బండి చక్రాలు చేసే వృత్తి, కవిత్వం అలవాటు, వచ్చిన యాత్రికులకి షేక్‌స్పియర్ విశేషాలు చూపించడం పైరాబడి. విశేషాలు ఉన్నవి చూపించాడు, లేనివి కొన్ని ఆయనే పుట్టించాడు. విల్మ్‌కోట్‌లో అందంగా కనబడ్డ పాత ఇంటిని చూపించి మేరీ ఆర్డెన్ పుట్టింది ఇందులోనే అన్నాడు. అంతే. ఆ తర్వాత దాదాపు రెండొందల ఏళ్ళు అందరూ అదే ఇంటికి వచ్చారు, బొమ్మలు గీశారు, పుస్తకాల్లో వేశారు. 1930లో షేక్‌స్పియర్ బర్త్‌ప్లేస్ ట్రస్ట్ వాళ్ళు ఆ ఇల్లు కొని, బాగుచేసి, జనానికి తెరిచారు. 1968లో పక్కనున్న గ్లీబ్ ఫారం కూడా కొన్నారు. ఎందుకు కొన్నారు? దాని గొప్ప చూసి కాదు. ఫారం ఆవరణ మొత్తం పాత తీరులో ఉండాలని. కల్యాణ మండపం కట్టినవాళ్ళు పక్క ఖాళీ స్థలం కూడా కొనేస్తారు చూడండి, అలాగ.

2000లో నాట్ ఆల్కాక్ అనే పరిశోధకుడు ఆ ఊరి పాత భూమి కాగితాలు పట్టుకుని, ఎవరి పొలం ఎవరి చేతికి వెళ్ళింది, తర్వాత ఎవరికి వచ్చింది అని వరసగా చూసుకుంటూ వస్తే, మేరీ తండ్రి రాబర్ట్ ఆర్డెన్ ఇల్లు అని తేలింది ఆ క్యాలెండర్ బొమ్మ కాదు, పక్కనున్న ఇటుకల ఇల్లు. మరి ఇన్నాళ్ళూ దణ్ణాలు పెట్టించుకున్న ఇల్లు ఎవరిదీ అంటే, ఆడమ్ పామర్ అనే పొరుగాయనది. పామరుడు కాదు, పామర్. రాబర్ట్ ఆర్డెన్‌కి మంచి స్నేహితుడే, ఆయన వీలునామాలో పెద్దమనుషుల్లో ఒకడిగా ఈయన పేరుంది. బోర్డులు మార్చారు. పాత ఇల్లు పామర్స్ ఫారం అయింది.

కాగితాలు చెబితే సరిపోదు కదా, కర్రని కూడా అడిగారు. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది, కొంచెం వివరంగా చెప్తాను. చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వానలు బాగుంటే వలయం వెడల్పు, కరువైతే సన్నం. ఒక ప్రాంతంలోని ఓక్ చెట్లన్నీ ఒకే వానకి తడుస్తాయి, ఒకే ఎండకి ఎండుతాయి, కాబట్టి వాటి వెడల్పు-సన్నం వరస ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇప్పటి చెట్ల నుంచి మొదలుపెట్టి, కొంచెం పాత దూలాలు, ఇంకా పాత దూలాలు అని ఒకదానికొకటి అతికించుకుంటూ వెళ్తే వందల ఏళ్ళ వెనక్కి ఒక పట్టిక తయారవుతుంది. ఇక మన ఇంటి దూలంలోంచి పెన్సిలంత లావు ముక్క తొలిచి తీసి, దాని గీతలు ఆ పట్టికలో ఎక్కడ కూర్చుంటాయో చూడటమే. బెరడు కిందున్న చివరి వలయం దొరికితే ఏ సంవత్సరం కొట్టారో చెప్పొచ్చు, ఆ వలయం సగంలో ఆగిందా నిండిందా చూసి ఏ కాలంలో కొట్టారో కూడా చెప్పొచ్చు. గ్లీబ్ ఫారం దూలాలకి వచ్చిన జవాబు 1514 వసంతం. కొట్టిన చెట్టుని అప్పట్లో పచ్చిగా ఉండగానే వాడేసేవారు, ఎందుకంటే ఓక్ ఎండిందంటే ఉలి దిగదు. అంటే ఇల్లు లేచింది ఆ ఏడాదో మరుసటి ఏడాదో. మేరీ పుట్టేసరికి ఇంటికి పాతికేళ్ళు దగ్గరపడుతున్నాయన్నమాట. బయట ఇటుకల చొక్కా తొడుక్కుని లోపల 1514 నాటి ఎముకలు దాచుకుంది ఆ ఇల్లు.

ఆ కాలపు ఇల్లంటే ఎలాగుండేదో కూడా చెప్పాలి. దుంగల చట్రం ముందు నేల మీద జతచేసి చూసుకుని, ఏ ముక్క ఎక్కడో తెలిసేలా రోమన్ అంకెలు గీసుకుని, తర్వాత నిలబెట్టి కొయ్య చీలలు దిగ్గొట్టేవారు. దుంగల మధ్య ఖాళీల్లో తడికలు, తడికల మీద గడ్డీ పేడా కలిపి తొక్కిన మట్టి. ఇది చదివి నేను ఇంగ్లండులో ఉన్నానా మా అమ్మమ్మగారి నాయుడుపేట పక్క పల్లెలో ఉన్నానా అనిపించింది. అలాంటి ఇళ్ళలో మొదట్లో పొగగొట్టం ఉండేది కాదు. మధ్య హాల్లో నేల మీదే నెగడు, పొగంతా వాసాల్లోకి పోయి పెంకుల సందుల్లోంచి బయటికి. అందుకే ఇప్పటికీ పాత ఇంటి అటక ఎక్కి వాసాలు నల్లగా మసిబారి ఉంటే ఇది పొగగొట్టాలకి ముందటి ఇల్లని పోల్చేస్తారు. తర్వాత పదహారో శతాబ్దంలో ఊరూరా ఇటుక పొగగొట్టాలు వచ్చాయి, పొగ తగ్గాక ఎత్తైన హాలుకి మధ్యలో అటక వేసి పై గదులు చేసుకున్నారు. అన్నట్టు, ఆ తెలుపు-నలుపు చారల అందం కూడా చాలా చోట్ల అసలుది కాదు. ఓక్‌ని అలాగే బూడిదరంగుకి తిరగనిచ్చేవాళ్ళు, లేదా దుంగా గోడా కలిపి సున్నం కొట్టేసేవాళ్ళు. దుంగలకి తారు నలుపు పుయ్యడం విక్టోరియా రాణి కాలం నాటి ఫ్యాషన్. నేను పన్నెండు ఫోటోలు తీసుకున్నది ఆ ఫ్యాషన్‌కేనేమో.

ఇంక మేరీ సంగతి. రాబర్ట్ ఆర్డెన్‌కి ఎనిమిదిమంది ఆడపిల్లలు. మేరీ ఆఖరిది. ఎనిమిదిమంది ఆడపిల్లలున్న రైతు ఇంట్లో ఆఖరి పిల్లకి ఏం మిగులుతుందో మనకి చెప్పక్కర్లేదు, కానీ ఇక్కడ తిరగబడింది. 1556 నవంబరులో ఆయన రాయించిన వీలునామాలో ఆస్‌బీస్ అనే పొలం, దాని మీదున్న పంటతో సహా, ఆఖరి కూతురికే రాశాడు. పైగా వీలునామా అమలు చేసే బాధ్యత పెట్టిన ఇద్దరు కూతుళ్ళలో ఈమె ఒకతె. ఆయన పోయాక పద్ధతి ప్రకారం ఊళ్ళోవాళ్ళు వచ్చి ఇల్లంతా తిరిగి చెంబూ తప్పేలా దగ్గర్నుంచి వెలకట్టి జాబితా రాశారు. ఎడ్లు, ఆవులు, గొర్రెలు, పందులు, తేనెటీగల పెట్టెలు, కోళ్ళు, గోడలకి వేలాడదీసే రంగు బొమ్మల గుడ్డలు. మొత్తం 77 పౌండ్ల 11 షిల్లింగుల 10 పెన్నీలు. ఆ పది పెన్నీల దగ్గర నేను ఆగిపోయాను. మా తాతయ్య పోయినప్పుడు పెదనాన్న ఇలాగే కూర్చుని, ఇత్తడి గంగాళం, రెండు మడత కుర్చీలు అని నోటుబుక్కులో రాసిన పేజీ గుర్తొచ్చింది.

ఆ పెళ్ళి కూడా మన పాత సినిమా కథే. రాబర్ట్ ఆర్డెన్‌కి పక్కూరు స్నిటర్‌ఫీల్డ్‌లో కొంత భూమి ఉంది, దాన్ని కౌలుకి చేసేవాడు రిచర్డ్ షేక్‌స్పియర్. ఆసామి ఆఖరి కూతురు కౌలుదారు కొడుకు జాన్‌ని చేసుకుంది. జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతితొడుగులు కుట్టే వ్యాపారం పెట్టి పైకొచ్చాడు, ఊరికి పెద్ద అయ్యాడు, తర్వాత అప్పుల్లో పడ్డాడు. 1578లో భార్య తెచ్చిన ఆస్‌బీస్ పొలాన్ని 40 పౌండ్లకి తాకట్టు పెట్టాడు. ఎవరి దగ్గర? మేరీ అక్క మొగుడి దగ్గర. ఇంకేముంది, పొలం మళ్ళీ చేతికి రాలేదు. డబ్బు తెచ్చాను తీసుకో అని వీళ్ళు, పాత బాకీలు కూడా తీర్చు అని వాళ్ళు, కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి లాగారు, బావ పోయాక ఆయన కొడుకుతో కూడా. ఇంటి ఆడపడుచు భూమి బావగారి దగ్గర తాకట్టు పడితే ఏమవుతుందో నెల్లూరు జిల్లాలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. చరిత్రకి మాత్రం ఆ తగాదా మేలు చేసింది. కలిసిమెలిసి ఉన్న కుటుంబాల గురించి కాగితాలేం మిగలవు. కోర్టుకెళ్ళినవాళ్ళ సరిహద్దులు, పేర్లు, పంటలు అన్నీ భద్రంగా ఉంటాయి.

గ్లీబ్ అనే మాట సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. గ్లీబ్ అంటే చర్చి పూజారి జీవనానికి ఇచ్చిన భూమి. అంటే మాన్యం. మాన్యం ఫారం అని పేరు పెట్టుకున్న ఇంట్లో ఎవరైనా గొప్ప మేరీ కోసం ఎందుకు వెతుకుతారు? విల్మ్‌కోట్ చేరిన పాత పారిష్ పేరు ఆస్టన్ కాంట్లో, మేరీ పెళ్ళి అక్కడి చర్చిలోనే అయ్యిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అదే పారిష్‌లో ఇదే పేరుతో ఇంకో గ్లీబ్ ఫారం కూడా ఉంది, దాని గోల వేరు. పాత రోజుల్లో చర్చికి చెందిన కొన్ని భూములు ఎవరి చేతికి వస్తే, చర్చి గర్భాలయంలాంటి భాగం మరమ్మతు ఖర్చు వాళ్ళు భరించాలని ఒక షరతు ఉండేది. ఆ ఇంకో గ్లీబ్ ఫారం ఒక జంట చేతికి వచ్చింది, వెనకాలే చర్చి నుంచి మరమ్మతు బిల్లు వచ్చింది. వాళ్ళు కోర్టుకెళ్ళారు, కేసు అప్పట్లో అక్కడి ఆఖరి కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది, 2003లో ఓడిపోయారు. మరమ్మతు బిల్లే లక్షా ఎనభై వేల పౌండ్లకి పైన తేలింది, వకీళ్ళ ఖర్చు అదనం. దేవుడి మాన్యం కొనేవాళ్ళు వంశం నిలవదని మా నానమ్మ అనేది. వంశం సంగతేమో కానీ బ్యాంకు బాలెన్సు నిలవదు.

ఈ ఇళ్ళు అన్నాళ్ళు ఎలా నిలబడ్డాయి అంటే, అక్కడ జాబితా పద్ధతి ఒకటుంది. యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు ఏ ఇల్లు కూలితే తిరిగి నిలబెట్టాలి, దేన్ని వదిలెయ్యొచ్చు అని లెక్క అవసరపడింది, 1944, 1947 చట్టాలతో అది పక్కా జాబితా అయింది. ఇంగ్లండులో ఇప్పుడు జాబితాలో మూడున్నర లక్షలకి పైగా నమోదులున్నాయి. గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు తరగతులు, నూటికి తొంభైకి పైగా ఆఖరి తరగతే. 1700కి ముందు కట్టి, ఇంచుమించు అప్పటి రూపంలో ఉన్న ఇల్లయితే దాదాపు తప్పకుండా ఎక్కుతుంది. ఎక్కాక కిటికీ మార్చాలన్నా, పొగగొట్టం తియ్యాలన్నా అనుమతి కావాలి, చెప్పకుండా చేస్తే జరిమానాతో పోదు, నేరం. ఇంట్లో ఉండేవాళ్ళకి విసుగే. తమ్ముడి ఆఫీసులో ఒకాయన అలాంటి ఇంట్లో ఉంటాడట, చలికాలం కిటికీ సందుల్లో న్యూస్‌పేపర్ కుక్కుకుంటాడట, ఇల్లు నాది, చలి నాది, కిటికీ మాత్రం దేశానిది అంటాడట.

అక్కడా అందరూ బుద్ధిమంతులేం కాదు. 1980 ఆగస్టులో లండన్ పడమటి వైపు ఫైర్‌స్టోన్ ఫ్యాక్టరీ అని మంచి ముఖద్వారం ఉన్న కట్టడాన్ని, రేపో ఎల్లుండో జాబితాలో చేరుస్తారని తెలిసి, సెలవు రోజులు చూసి కూల్చేశారు. సెలవులు చూసుకుని జేసీబీ తేవడం మన కనిపెట్టుడే అనుకునేదాన్ని. ఆ దెబ్బకి ఉలిక్కిపడి, మంత్రి మైకేల్ హెసల్టైన్ హయాంలో దేశమంతా మళ్ళీ సర్వే మొదలుపెట్టారు. ఒక్కొక్కళ్ళూ ఊరూరా తిరిగి, రైతు ఇళ్ళ అటకలెక్కి, గాదెల్లో దూరి చూశారు. ఎవరికీ పట్టని వేల ఇళ్ళు, కొట్టాలు అప్పుడే జాబితాలోకి వచ్చాయి. ఒక పెద్ద ఫ్యాక్టరీ పోబట్టి ఎక్కడో పల్లెలో గాదె బతికింది.

ఇక మా ఇల్లు.

మా ఇంటి కథ ఏమిటంటే, ఒక పెద్ద హరికథ దాసుగారు మద్రాసులో కార్యక్రమాలు చేసే రోజుల్లో మా ఇంటి ముందు గదిలో అద్దెకుండేవారని. పేరు రాయను, మనవలు ఇక్కడే ఉన్నారు. తాతయ్య నెల్లూరు నుంచి వచ్చి ఇల్లు కొన్నది 1958లో, అప్పటికే దాసుగారు ఖాళీ చేసేశారు. ఈ వీధిలోనే ఉండేవారు అని ఎవరో నానమ్మతో అన్నారు. వీధిలో అన్నది నానమ్మ నోట్లో ఇంట్లో అయింది, నాలుగేళ్ళకి ముందు గదిలో అయింది, నా చిన్నప్పటికి ఆయన తంబురా ఆనించిన మచ్చ గోడ మీద కనబడేది, మేం ఆ మచ్చకి ఆనుకోకూడదు. తర్వాత ఎప్పుడో పెదనాన్నకి పాత పేపర్ల కొట్లో 1951 నాటి కరపత్రం దొరికింది. దాని అడుగున దాసుగారి అడ్రసు, మా వీధి పేరు, నంబరు 14. మా గుమ్మానికి కొత్త నంబరు 14 అని అప్పటికే బిళ్ళ కొట్టి ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పెదనాన్న దాన్ని లామినేషన్ చేయించి హాల్లో తగిలించాడు. చుట్టాలొస్తే కాఫీ కంటే ముందు అదే చూపించేవాళ్ళం. మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన ఇల్లుంది, బులుసు సాంబమూర్తిగారి ఇల్లు అది, ఇప్పుడు స్మారక భవనం. పెదనాన్నకి మనసులో మా ఇంటికి కూడా అలాంటి బోర్డు ఒకటి ఉండేది.

2022లో ఇల్లు ప్రమోటర్‌కి, అంటే పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టేవాడికి, ఇచ్చేద్దామని అందరం అనుకున్నాం. ఇచ్చేద్దామని ఎందుకనుకున్నామంటే, మెయింటెనెన్స్. మాది మద్రాసు టెర్రస్ ఇల్లు. బర్మా టేకు దూలాలు, వాటి మీద సన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా పేర్చి, మధ్యలో సున్నం. గోడలకి కూడా సున్నపు గారే, అందులో కరక్కాయ నానేసిన నీళ్ళూ బెల్లమూ పోసేవారట. ఎనభైల్లో ఒక మేస్త్రీ గారంతా చెక్కేసి సిమెంటు పూసి వెళ్ళాడు. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే పీల్చిన తడికి దారి ఉండదు, లోపలే ఉండిపోతుంది. అప్పట్నుంచి ప్రతి వానాకాలం గోడలు ఉప్పు పట్టి పెచ్చులూడటమే, దూలాల చివర్లు గోడలో కుళ్ళిపోవడమే. విల్మ్‌కోట్‌లో బోర్డు మీద పాత ఇళ్ళకి సిమెంటు వాడరు, సున్నమే వాడతారు అని చదివినప్పుడు ఆ మేస్త్రీ గుర్తొచ్చాడు. తప్పు ఆయనది మాత్రమే కాదు. సిమెంటు వెయ్యి గట్టిగా ఉంటుంది అని చెప్పింది మా తాతయ్యే.

ప్రమోటర్ తరఫు లాయరు మూల దస్తావేజు కావాలన్నాడు, విల్లంగం సర్టిఫికేట్, అంటే ఆస్తి మీద తాకట్లూ బాకీలూ ఉన్నాయో లేవో చెప్పే కాగితం, కావాలన్నాడు. అమ్మ బీరువాలోంచి గుడ్డ మూట తీసింది. 1958 సేల్ డీడ్, ఆకుపచ్చ స్టాంపు కాగితాలు, మడతల దగ్గర చిరుగులు. చదవాల్సినవాళ్ళు చదువుతారని నేను ఊరికే ఆఖరి పేజీ తిప్పాను, హద్దులు రాసే చోట. డోర్ నంబరు 13 గల ఇల్లు మరియు స్థలం. ఉత్తరం: డోర్ నంబరు 14 గల ఇల్లు.

రెండుసార్లు చదివాను. గోడ మీద లామినేషన్ వైపు చూశాను. 1951లో 14 అంటే ఉత్తరం ఇల్లు.

“అమ్మా, దాసుగారు ఉన్నది మన ఇల్లు కాదే” అన్నాను.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, కాసేపు ఆగి, “పదమూడు అని రాశారేమిటి, పొరపాటు పడుంటారు” అంది.

ఉత్తరం ఇల్లు 1994లో పడగొట్టారు. నాకు బాగా గుర్తు, వేసవి సెలవులు. నెలంతా దుమ్ము, వడియాలు ఎండబెట్టుకోడానికి లేకుండా పోయిందని నానమ్మ రోజూ తిట్టింది. ఆ ఇంటి అరుగు, వంకీల కిటికీ ఊచలు, అన్నీ మా కళ్ళ ముందే లారీ ఎక్కాయి, మేం గోడ మీద కూర్చుని చూశాం. ఇప్పుడక్కడ మూడంతస్తుల ఫ్లాట్లు. మేం మాత్రం తంబురా మచ్చని కాపాడుకుంటూ వచ్చాం.

విల్మ్‌కోట్‌లోనూ పొరపాటు ఇల్లే రెండొందల ఏళ్ళు పూజలందుకుంది. తేడా ఎక్కడంటే, వాళ్ళు కథ ఉన్న ఇంటితోపాటు కథ లేని ఇంటిని కూడా కొనిపెట్టుకున్నారు. ఆవరణ పాడవకూడదన్న ఒక్క కారణంతో. 1968లో ఎవరైనా కమిటీ కూర్చుని, దీనికి చరిత్ర ఏముంది, ఇటుకల ఇల్లేగా, ఎందుకు డబ్బు తగలెయ్యడం అని ఉంటే 2000లో ఆల్కాక్‌గారి కాగితాలు ఒక పార్కింగ్ స్థలాన్ని చూపించేవి. మన దగ్గర దేన్నైనా ఉంచాలంటే ముందు అందులో ఒక గొప్ప మనిషిని చూపించాలి. మనిషి దొరక్కపోతే పుట్టిస్తాం, నేను మా ఇంట్లోవాళ్ళని అనడం లేదు, అంటున్నానేమో కూడా. నా మటుకు నాకు వీధి మొత్తాన్ని ఉంచాలనుంది, గొప్పవాళ్ళు ఏ గుమ్మంలో ఉన్నారో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. చెప్పడం తేలికే. మా వాటా చెక్కు నేనూ తీసుకున్నాను.

2023 ఫిబ్రవరిలో పడగొట్టారు. పాత కలప కొనేవాళ్ళు వచ్చి దూలాలు దింపారు. కుళ్ళిన చివర్లు రంపంతో కోసి పడేశారు, కోసిన చోట టేకు కొత్త బెల్లంలా మెరిసింది, వీధంతా ఆ వాసన. లారీ వచ్చేలోగా నేను ఒక దూలం పక్కన చతికిలబడి, ఫోన్లో టార్చి వేసుకుని, చీరకి పెట్టుకునే గుండుసూదులు పదికొకటి గుచ్చుకుంటూ వలయాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పోల్చుకోడానికి నా దగ్గర ఏ పట్టికా లేదు, ఎన్ని వచ్చినా సంవత్సరం తేలదని తెలుసు, అయినా. అరవై ఒకటి దాకా వచ్చాక గీతలు మరీ సన్నబడ్డాయి, ఏదో కరువు కాలం అయుండాలి, లెక్క తప్పింది. మళ్ళీ మొదటి సూది దగ్గర్నుంచి మొదలుపెట్టాను. లారీ కుర్రాడు తాడు చేత్తో పట్టుకుని కాసేపు చూశాడు, తర్వాత అరవంలో, “అక్కా, సూదులు తీసేస్తారా, ఎక్కించాలి” అన్నాడు.